సర్ ఆల్బర్ట్ హోవార్డ్

సర్ ఆల్బర్ట్ హోవార్డ్ (డిసెంబరు 8, 1873 – అక్టోబరు 20, 1947) ఇంగ్లాండుకు చెందిన వృక్ష శాస్త్రవేత్త. ఇరవయ్యవ శతాబ్దపు సేంద్రియ వ్యవసాయానికి ఆద్యులలో ఒకడిగా ఈయనను పరిగణిస్తారు. 1905 నుండి 1931 వరకు భారతదేశంలో, మొదట బీహారులోని పూసాలోను, తరువాత మధ్య భారతంలోని ఇండోరులోను పనిచేశాడు. పంట వ్యర్థాలను, పేడను, పశువుల మూత్రంతో తడిసిన మట్టిని కలిపి సుమారు మూడు నెలలలో చివికిన ఎరువుగా మార్చే ఇండోర్ పద్ధతి ద్వారా ఈయన పేరు ప్రపంచమంతటా తెలిసింది. మొక్కకు తెగులు సోకినపుడు ముందుగా అది వేరూనిన మట్టిని పరీక్షించాలని ఈయన వాదించాడు. నారుమడికి, కుండీలకు మన్ను ఎంచుకొనేటపుడు అందులోని జీవాన్ని కూడ చూడాలనే ఆలోచన తోటపనివారిలో వ్యాపించడానికి ఈయన రచనలు చాలావరకు కారణం.

బాల్యం, విద్య

హోవార్డ్ ఇంగ్లాండు పశ్చిమ సరిహద్దులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, బిషప్స్ క్యాజిల్ అనే ఊరిలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. రెకిన్ కళాశాలలోను, లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లోను, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలోను చదివాడు. 1896లో ప్రకృతి శాస్త్రాలలో ప్రథమ శ్రేణిలో పట్టభద్రుడై, మరుసటి సంవత్సరం వ్యవసాయంలో డిప్లొమా పొందాడు. పొలంలో పుట్టి పెరిగి ప్రయోగశాలలో శిక్షణ పొందిన ఈయనకు ఆ రెండింటి నడుమనున్న దూరం జీవితాంతం ఒక సమస్యగానే ఉండిపోయింది.

తొలి ఉద్యోగాలు

1899లో వెస్ట్ ఇండీస్ వ్యవసాయ శాఖలో శిలీంధ్ర శాస్త్రవేత్తగా చేరి, బార్బడోస్ కేంద్రంగా చెరకు మొదలైన పంటల తెగుళ్ళను పరిశీలించాడు. సూక్ష్మదర్శిని క్రింద తెగులును గుర్తించడం, రైతుకు సలహా వ్రాసి పంపడం ఆయన పని. ఆ సలహా పనిచేస్తుందో లేదో స్వయంగా పండించి చూడడానికి ఆయనకు సెంటు భూమి కూడ లేదు. ఈ లోటు ఆయనను బాగా బాధించింది.

1903లో స్వదేశానికి తిరిగివచ్చి కెంట్ ప్రాంతంలోని వై వ్యవసాయ కళాశాలలో వృక్ష శాస్త్రవేత్తగా చేరాడు. బీరు తయారీలో వాడే హాప్స్ తీగలపై అక్కడ ప్రయోగాలు చేశాడు. హాప్స్‌లో ఆడ, మగ తీగలు వేరువేరుగా ఉంటాయి. మగ తీగలను తొలగిస్తూపోవడం పంటకు మేలు చేయదని, పరాగ సంపర్కం జరిగిన పూత త్వరగా ఎదిగి తెగుళ్ళను మెరుగ్గా తట్టుకుంటుందని కనుగొన్నాడు. తెగులును వెంటాడడం కంటె మొక్క సహజ స్థితిని గమనించడం ఫలప్రదమన్న నమ్మకం ఇక్కడే మొదలైనదని చెప్పవచ్చు.

పూసాలో

1905లో భారత ప్రభుత్వం బీహారులోని పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థను నెలకొల్పింది. అమెరికా ధనికుడు హెన్రీ ఫిప్స్ ఇచ్చిన విరాళం అందుకు తోడ్పడింది. హోవార్డ్ అక్కడ ఇంపీరియల్ ఎకనమిక్ బోటనిస్టుగా నియమితుడై 1924 వరకు పనిచేశాడు. అక్కడ ఆయనకు స్వంతంగా ప్రయోగాలు చేసుకోవడానికి 75 ఎకరాల భూమి లభించింది.

చుట్టుపక్కల గ్రామాల రైతుల పంటలు మందులేవీ లేకుండానే చాలావరకు ఆరోగ్యంగా ఉండడం ఆయన గమనించాడు. ఆ రైతుల సేద్యాన్ని అనుకరించడమే ముందు నేర్చుకోవలసిన పాఠమని భావించి, రైతులను, పురుగులను, తెగుళ్ళను తన గురువులుగా చెప్పుకొనేవాడు. పురుగు పట్టిన మొక్కను సేద్యంలోని లోపాన్ని చూపే సూచికగా తీసుకొన్నాడు. తెగుళ్ళు దాదాపుగా లేని పంటలను మందుల సాయం లేకుండా పండించడం 1910 నాటికి తనకు పట్టుబడిందని తరువాత వ్రాశాడు.

పూసాలో ఆయనకు అధికారికంగా పేరు తెచ్చినవి గోధుమ రకాలు. భార్యతో కలిసి ఎంపిక, సంకరణల ద్వారా రూపొందించిన పూసా 4, పూసా 12 మొదలైన రకాలు ఉత్తర భారతదేశంలో విస్తారంగా సాగయ్యాయి. భారతదేశపు గోధుమలపై వారిద్దరి గ్రంథం 1909లో వెలువడింది. అయితే మంచి విత్తనం ఒక్కటే చాలదని, అది పడే నేల బాగులేకపోతే దాని గుణం బయటపడదని ఆయనకు త్వరలోనే అర్థమైంది. బీహారులో జావా నీలిమందు మొక్కలు వడలి చనిపోవడానికి వర్షాకాలంలో నేలలో గాలి ఆడక వేళ్ళు దెబ్బతినడమే కారణమని హోవార్డ్ దంపతులు వివరించారు. అప్పటినుండి నేలలో గాలి ప్రసరణ ఆయన రచనలలో మాటిమాటికీ కనిపించే అంశమయింది.

నారు విషయంలో పొగాకు అనుభవం చెప్పుకోదగినది. పూసాలో మొదటి మూడేళ్ళు పొగాకుకు వైరస్ తెగులు విపరీతంగా వచ్చేది. విత్తనం తీయడం, నారుమడి మట్టిని సిద్ధం చేయడం, నారు పెంచడం, పీకి నాటడం, ఆపై నేలను సంరక్షించడం — ఈ పనులన్నింటిలోను శ్రద్ధ పెంచిన తరువాత తెగులు అరుదై, 1910 తరువాత పూసా వదిలేవరకు తనకు ఒక్క తెగులు మొక్క కూడ కనబడలేదని ఆయన పేర్కొన్నాడు. దీనిని ఆయన నేల ఆరోగ్యానికి నిదర్శనంగా తీసుకొన్నాడు. మొక్కల వైరసులు తాకిడి వలన, కీటకాల వలన వ్యాపిస్తాయని ఇప్పుడు తెలుసు. కనుక శుభ్రమైన విత్తనం, జాగ్రత్తగా నారు పీకడం కూడ ఇందులో పాత్ర వహించి ఉండవచ్చు. ప్రక్కన పాత పద్ధతి మడిని ఉంచి పోల్చనందున ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం సాధ్యం కాదు. ఏమైనా, నారుమడిలో జరిగిన లోపాన్ని పొలంలో సరిదిద్దలేమన్న విషయంలో ఆయన పరిశీలన నేటికీ చెల్లుతుంది.

ఇటువంటి ఉదాహరణే క్వెట్టాలోనిది. ఆయన వేసవులలో అక్కడి పండ్ల తోటల ప్రయోగ కేంద్రంలో పనిచేసేవాడు. శీతాకాలంలో నీరు అధికంగా పెట్టిన తోటలలో నేల గట్టిపడి, వసంతంలో లేత చిగుళ్ళకు పేనుబంక పట్టేది. నేలను లోతుగా గుల్లచేసి గాలి ఆడనిచ్చాక అవే చెట్లు వేసిన కొత్త చిగుళ్ళు శుభ్రంగా ఉండేవి. నీరెక్కువై బిగుసుకొన్న కుండీ మన్నులో మొక్క ఎందుకు రోగగ్రస్తమవుతుందో ఈ ఉదాహరణతో సులభంగా బోధపడుతుంది.

పూసాలోని ఆయన ఎద్దులు ప్రక్క పొలంలోని గాలికుంటు వ్యాధి సోకిన పశువులతో కంచె మీదుగా మూతులు రాసుకొన్నా జబ్బుపడలేదన్న సంఘటన ఆయన రచనల ద్వారా ప్రసిద్ధమైంది. మంచి మేతే దీనికి కారణమని ఆయన నమ్మాడు. ఇది కొద్ది పశువుల మీద చేసిన పరిశీలన మాత్రమే, నియంత్రిత ప్రయోగం కాదు.

గాబ్రియెల్ హోవార్డ్

ఈ పరిశోధనలన్నింటిలో సమాన భాగస్వామి ఆయన భార్య గాబ్రియెల్ లూయీస్ కరోలిన్ మత్తాయ్ (1876–1930). ఈమె కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కళాశాలలో చదివి, ఉష్ణోగ్రతకు ఆకులలో కిరణజన్య సంయోగక్రియకు గల సంబంధంపై పేరొందిన పరిశోధన చేసింది. 1905లో వారి వివాహం బొంబాయిలో జరిగింది. చాలాకాలం జీతం లేకుండానే పనిచేసిన తరువాత 1910లో ఆమెకు భర్త వద్ద సహాయకురాలి పదవి లభించింది. 1913లో రెండవ ఇంపీరియల్ ఎకనమిక్ బోటనిస్టుగా నియమితురాలై, అదే సంవత్సరం కైజర్-ఎ-హింద్ బంగారు పతకం పొందింది. ఆమె పేరు ఉన్న పరిశోధన పత్రాలు అనేకం ఉన్నప్పటికీ ప్రజల నోట మిగిలినది భర్త పేరే. ఆమె 1930 ఆగస్టులో జెనీవాలో మరణించింది.

ఇండోర్ పద్ధతి

పూసాలో వృక్ష శాస్త్రం, రసాయన శాస్త్రం, కీటక శాస్త్రం, శిలీంధ్ర శాస్త్రం విడివిడి విభాగాలుగా పనిచేసేవి. ఒకే మొక్కను నలుగురు నాలుగు ముక్కలుగా చూడడం హోవార్డ్‌కు నచ్చలేదు. పంటను సమగ్రంగా పరిశీలించే సంస్థ ఒకటి కావాలన్న ఆయన కోరిక 1924లో ఇండోరులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ ఇండస్ట్రీ స్థాపనతో నెరవేరింది. ఇండియన్ సెంట్రల్ కాటన్ కమిటీ, మధ్య భారతంలోని సంస్థానాలు దీనికి ధనసహాయం చేశాయి. హోల్కర్ సంస్థానం 300 ఎకరాల నల్లరేగడి భూమిని సమకూర్చింది. పత్తి దిగుబడి పెంచడం సంస్థ ఉద్దేశం. కాని ఆ నేలకు తగినంత ఎరువు లేదని, పేడలో చాలా భాగం పిడకలై పొయ్యిలోకి పోతున్నదని హోవార్డ్ గమనించాడు.

చైనా, జపాను, కొరియా రైతులు శతాబ్దాలుగా వ్యర్థాలను చివికించి నేలకు చేర్చే విధానాన్ని అమెరికా శాస్త్రవేత్త ఎఫ్. హెచ్. కింగ్ 1911లో వెలువడిన గ్రంథంలో వివరించాడు. ఇంగ్లాండులోని రోథమ్‌స్టెడ్ కేంద్రంలో హచిన్‌సన్, రిచర్డ్స్ అనేవారు 1921లో గడ్డికి రసాయన నత్రజని చేర్చి కృత్రిమంగా పశువుల ఎరువు తయారుచేశారు. ఈ రెండింటిని, భారతీయ రైతుల పెంటకుప్పలను పరిశీలించి, రసాయన శాస్త్రజ్ఞుడు యశ్వంత్ డి. వాడ్ సహకారంతో హోవార్డ్ ఇండోర్ పద్ధతిని రూపొందించాడు. వారిద్దరి పేరున 1931లో వెలువడిన పుస్తకం ఈ పద్ధతికి మూలగ్రంథం. దీనికి ఎటువంటి పేటెంటు తీసుకోలేదు.

కలుపు మొక్కలు, రాలిన ఆకులు, చెరకు ఆకు, గడ్డి వంటివాటిని వాడ్చి పొరలుగా పేర్చి ఉంచుతారు. పత్తికట్టె, కందికట్టె వంటి గట్టి వాటిని బండ్లు తిరిగే బాటపై పరచి చక్రాల క్రింద నలగనిస్తారు. ఈ చెత్తను రాత్రిపూట పశువుల క్రింద పరుపుగా వేస్తే పేడతోను మూత్రంతోను తడుస్తుంది. కొట్టంలో మూత్రం పీల్చుకొన్న మట్టిని కొన్ని నెలలకొకసారి త్రవ్వితీసి, దానిని కూడ ఎరువులో కలుపుతారు. ఆమ్ల గుణం పెరగకుండ కట్టెల బూడిద చల్లుతారు. మొక్కల వ్యర్థాలు మూడు నాలుగు పాళ్ళు ఉంటే పశువుల వ్యర్థాలు ఒక పాలు ఉండాలి.

ఇండోరులో ఎరువు గుంటలు 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉండేవి. లోతు తక్కువ కావడానికి కారణం గాలి. అంతకంటె లోతైతే అడుగుభాగానికి గాలి అందదు. వర్షాకాలంలో గుంటలు నీటితో నిండుతాయి గనుక నేలమీదనే కుప్పలు వేసేవారు. గుంట నింపేటపుడు పేడ నీళ్ళలో బూడిదను, మూత్రపు మట్టిని, అప్పటికే చివుకుతున్న మరొక గుంటలోని కొద్దిపాటి ఎరువును కలిపి పొరపొరకు చల్లుతారు. ఆ పాత ఎరువు పెరుగుకు తోడు వంటిది. కొద్ది రోజులలో వేడి 65 డిగ్రీల సెల్సియస్ వరకు చేరుతుంది. మొదట తెల్లని బూజు అంతటా అల్లుకొంటుంది, అది తగ్గాక బాక్టీరియా పనికి పూనుకొంటుంది. సుమారు పదిహేను రోజులకు, నెలకు, రెండు నెలలకు మొత్తం మూడుసార్లు తిరగవేసి తడుపుతారు. మూడు నెలలకు ఎరువు సిద్ధమవుతుంది. దుర్వాసన, ఈగలు కనబడితే నీరెక్కువై గాలి తగ్గినట్లు. వేడి తగ్గి చెత్త అలాగే ఉండిపోతే నీరు చాలనట్లు. మొదట సుమారు 33:1గా ఉండే కర్బన నత్రజనుల నిష్పత్తి చివరికి 10:1 దగ్గరకు వస్తుంది.

ఈ పద్ధతి శ్రమతో కూడినది. తిరగవేయడానికి మనుషులు, తడపడానికి నీరు కావాలి. అందుకే 1939లో బెంగుళూరులో సి. ఎన్. ఆచార్య తిరగవేయనవసరం లేని మరొక పద్ధతిని రూపొందించాడు. వ్యవసాయ విద్యార్థులు ఈ రెండింటిని సాధారణంగా ఒకేచోట చదువుతారు.

1935లో మహాత్మా గాంధీ ఇండోరు వెళ్ళినపుడు ఈ సంస్థను సందర్శించాడు. హరిజన్ పత్రికలో ఈ పద్ధతికి ప్రచారం కల్పించాడు.

నారుకు, కుండీలకు వర్తించే అంశాలు

హోవార్డ్ ప్రధానంగా పొలాన్ని దృష్టిలో ఉంచుకొని వ్రాసినా, ఆయన సూత్రాలు నారుమళ్ళకు, కుండీలకు మరింత స్పష్టంగా వర్తిస్తాయి. పొలంలోని మొక్క వేరు ఒకచోట దొరకనిదాన్ని మరొకచోట వెతుక్కొంటుంది, కుండీలోని మొక్కకు ఆ అవకాశం లేదు.

నారుకు వాడే ఎరువు పూర్తిగా చివికినదై ఉండాలి. ముదురు గోధుమ లేదా నలుపు రంగులో పొడిపొడిగా ఉండి, తొలకరి మట్టి వాసన వచ్చి, వేడి లేకుండా, అందులో వేసిన ఆకు ఏదో గుర్తుపట్టలేనట్లుంటే అది పండినట్లు లెక్క. సగం చివికిన ఎరువులోని సూక్ష్మజీవులు కర్బనాన్ని జీర్ణించుకోవడానికి చుట్టూ ఉన్న నత్రజనిని లాగుకొంటాయి. అందువలన నారు పాలిపోతుంది. ఒక్కోసారి అమ్మోనియా వలన మొలకలు మాడిపోతాయి కూడ. ఎంత మంచి ఎరువైనా దానిని ఒంటరిగా వాడరు. మన నర్సరీలలో ఎర్రమట్టి, ఇసుక, చివికిన ఎరువు సమపాళ్ళలో కలపడం మామూలు.

వాడిన కుండీ మన్నును పారవేయనవసరం లేదు. రోజూ పోసే నీటికి మట్టి గుల్లదనం పోయి, గాలి దారులు మూసుకొనిపోతాయి. లోపలి జీవాంశం కరగిపోతుంది, లవణాలు పేరుకొంటాయి. మన్నును క్రింద పోసి, పాత వేళ్ళు ఏరి, గడ్డలు చిదిపి, తెల్లని లవణాల పెచ్చు ఉంటే నీటితో కడిగి, నాలుగవ వంతు నుండి మూడవ వంతు వరకు పండిన ఎరువు కలిపి, తడిపి కొద్ది వారాలు నీడలో ఉంచితే తిరిగి పనికివస్తుంది. నారుకుళ్ళు వచ్చిన మన్నును మాత్రం ఇలా నేరుగా వాడరాదు. దానిని ఎరువు గుంటలో చేర్చి, 55 డిగ్రీలకు మించిన వేడిలో కొన్ని రోజులు ఉండేలా తిరగవేయడం సురక్షితం.

ఈ విషయంలో హోవార్డ్ కాలంలోనే మరొక మార్గం ఏర్పడింది. 1930లలో ఇంగ్లాండులోని జాన్ ఇన్నెస్ సంస్థలో లారెన్స్, న్యూవెల్ అనేవారు నారు కోసం ప్రామాణిక మిశ్రమం తయారుచేశారు. ఆవిరితో శుద్ధిచేసిన తోటమట్టి రెండు పాళ్ళు, పీట్ ఒక పాలు, ఇసుక ఒక పాలు, కొద్దిగా సూపర్ ఫాస్ఫేట్, సుద్ద అందులో ఉంటాయి. మట్టిలోని తెగులు జీవులను వేడితో చంపడం ఈ మార్గం. మేలుచేసే జీవులను పెంచి తెగులును అదుపులో ఉంచడం హోవార్డ్ మార్గం. మొదటి మిశ్రమం ఏ సంచి చూసినా ఒకేలా ఉంటుంది. రెండవది చేసేవాని నేర్పును బట్టి మారుతుంది. 1970ల నుండి అమెరికాలో హ్యారీ హోయిటింక్ తదితరులు చేసిన ప్రయోగాలలో, బాగా చివికిన ఎరువులోని సూక్ష్మజీవులు నారుకుళ్ళు కలిగించే శిలీంధ్రాలను అణచగలవని తేలింది. అయితే ప్రతి ఎరువుకూ ఆ గుణం ఉండదని కూడ తేలింది.

వేరుబూజులు

వేళ్ళతో సహజీవనం చేసే శిలీంధ్రాలపై, అనగా మైకోరైజాపై, హోవార్డ్ ఆసక్తికి కారణం ఎం. సి. రేనర్ అనే శాస్త్రవేత్త్రి. ఈమె డోర్సెట్ ప్రాంతంలోని వేర్‌హామ్‌లో నిస్సారమైన బీడునేలలో పైన్ జాతి నారు ఎదగకపోవడాన్ని పరిశీలించి, చివికిన ఎరువు కొద్దిగా చేర్చగానే వేళ్ళకు శిలీంధ్రాలు అల్లుకొని మొక్కలు పుంజుకొనడం చూపింది. హోవార్డ్ 1937–38 ప్రాంతంలో భారత, సింహళ తేయాకు తోటలను సందర్శించి, ఇండోర్ ఎరువు వాడిన మొక్కల వేళ్ళలో ఈ సంబంధాన్ని వెతికించాడు. మొక్క శిలీంధ్రాన్ని జీర్ణించుకొని మాంసకృత్తులు పొందుతుందని ఆయన ఊహించాడు. ఆ వివరణ నిలబడలేదు. శిలీంధ్రం భాస్వరం మొదలైన పోషకాలను అందించి, బదులుగా మొక్కనుండి చక్కెరలను పొందుతుందని తరువాతి పరిశోధనలు నిర్ధారించాయి. వేరు ఒంటరిగా బ్రతకదన్న ఆయన ప్రధాన భావన మాత్రం బలపడింది.

పదవీ విరమణ, వివాదాలు

గాబ్రియెల్ మరణానంతరం 1931లో హోవార్డ్ పదవీ విరమణ చేసి ఇంగ్లాండు చేరాడు. అదే సంవత్సరం ఆమె చెల్లెలు లూయీస్ మత్తాయ్‌ను వివాహమాడాడు. 1914లోనే సి.ఐ.ఇ. బిరుదు పొందిన ఆయనకు 1934లో సర్ బిరుదు లభించింది.

ఆ 1934 వేసవిలో ఆయన కొన్న ఇంటి తోటలో నేల పూర్తిగా సారం కోల్పోయి ఉంది. ఆపిల్ చెట్లు పేనుబంకతో, గొంగళి పురుగులతో నిండి ఉన్నాయి. మందులు చల్లకుండా కేవలం చివికిన ఎరువుతో నేలను బాగుచేయగా మూడేళ్ళలో పురుగులు కనుమరుగయ్యాయని ఆయన వ్రాశాడు. కెన్యా కాఫీ తోటలు, సింహళ తేయాకు తోటలు, రొడీషియా పొలాలలో ఇండోర్ పద్ధతి ప్రవేశించడం కూడ ఈ దశాబ్దంలోనే జరిగింది.

1940లో ఆయన ప్రధాన రచన యాన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్ వెలువడింది. అడవిలో ఆకు రాలి, చివికి, తిరిగి చెట్టుకు చేరే చక్రమే సేద్యానికి ఆదర్శమని ఇందులో వివరించాడు. లీబిగ్ కాలం నుండి వచ్చిన నత్రజని, భాస్వరం, పొటాష్ లెక్కలను, చిన్న మళ్ళ ప్రయోగాలను, గణాంకాలను తీవ్రంగా విమర్శించాడు. వ్యవసాయ పరిశోధకులు ఎదురుతిరిగారు. నేల, పంట, పశువు, మనిషి ఆరోగ్యాలు ఒకే గొలుసని చెప్పడానికి ఆయన చూపిన ఆధారాలు ఎక్కువగా అనుభవాలేనని, పోల్చిచూసిన ప్రయోగాలు కావని వారి అభ్యంతరం. అది న్యాయమైన అభ్యంతరమే. అయితే రసాయన ఎరువులు మాత్రమే వాడితే నేలలో సేంద్రియ పదార్థం తగ్గిపోవచ్చునన్న ఆయన హెచ్చరికను అప్పట్లో పట్టించుకొన్నవారు తక్కువ. నేలలో సేంద్రియ కర్బనం తగ్గుదల ఇప్పుడు భారతదేశంలో వ్యవసాయ శాస్త్రవేత్తలందరూ అంగీకరించే సమస్య.

అమెరికాలో జె. ఐ. రోడేల్ ఆయన రచనలు చదివి ప్రభావితుడై 1942లో సేంద్రియ సాగుపై పత్రిక ప్రారంభించాడు. ఇంగ్లాండులో ఈవ్ బాల్ఫర్ 1943లో ద లివింగ్ సాయిల్ అనే పుస్తకం వ్రాసింది. 1946లో ఏర్పడిన సాయిల్ అసోసియేషన్ స్థాపకులలో ఆమె ఒకతె.

చివరి సంవత్సరాలు

ఫార్మింగ్ అండ్ గార్డెనింగ్ ఫర్ హెల్త్ ఆర్ డిసీజ్ అనే పుస్తకం 1945లో వెలువడింది. ఇదే తరువాత ద సాయిల్ అండ్ హెల్త్ పేరుతో ప్రసిద్ధమైంది. చివరిరోజులలో సాయిల్ అండ్ హెల్త్ అనే పత్రికకు సంపాదకత్వం వహించాడు. 1947 అక్టోబరు 20న లండనులోని బ్లాక్‌హీత్‌లో మరణించాడు. ఆయన భారతదేశపు కృషిపై లూయీస్ వ్రాసిన గ్రంథం 1953లో ప్రచురితమైంది.

పూసాలోని సంస్థ భవనం 1934 బీహారు భూకంపంలో దెబ్బతిన్నందున, 1936లో సంస్థను ఢిల్లీకి తరలించారు. స్వాతంత్ర్యానంతరం అదే భారత వ్యవసాయ పరిశోధన సంస్థ అయింది. ఢిల్లీలో ఆ ప్రాంతాన్ని నేటికీ పూసా అనే పిలుస్తారు. ఇండోరులో హోవార్డ్ స్థాపించిన సంస్థ ఆవరణలో తరువాత వ్యవసాయ కళాశాల ఏర్పడింది.